బానెట్ మీద జాజు గీత

మంఖాల్ మొగులయ్య ఎవరినీ నమ్మడు. ఇది నింద కాదు. ఊరు, పేరు, వయసు లాంటి ఒక వివరం. రేషన్ కార్డులో దానికి గడి లేదు కాబట్టి రాయలేదంతే.

ఎండ కొడుతోందంటే నెత్తి మీద చెయ్యి పెట్టి చూసుకునేవాడు. టైమెంతైందని ముగ్గురిని అడిగి, ముగ్గురూ ఒకే టైము చెబితే "ముగ్గురు మాట్లాడుకున్నట్టున్నరు" అని నాలుగో మనిషిని వెతికేవాడు. ఆయన భార్య లింగమ్మ ఒకసారి నాతో అంది: "లగ్గమై ముప్పై నాలుగేండ్లు. కూరల ఉప్పేసిన్నంటె ఇప్పటికీ నమ్మడు సారూ. నాలిక మీద ఏసుకుంటడు. ఏసుకున్నంక నాలిక మీద అనుమానం."

శంషాబాద్‌లో ఎయిర్‌పోర్టు తెరిచిన కొత్తలో ఊరంతా విమానాలు చూడటానికి వెళితే ఆయనా వెళ్లాడు. కంచె బయట పొద్దంతా నిలబడ్డాడు. తలల మీదుగా వెండి కడుపులు ఒకటొకటిగా దిగుతూ, పొలాల మీద నీడలు ఈడ్చుకుంటూ పోయాయి. ఇంటికొచ్చి తేల్చి చెప్పాడు: "ఉన్నది ఒక్కటే ఇమానం. దాన్నే దించుతున్నరు, దాన్నే లేపుతున్నరు. మనకు శాన ఉన్నట్టు జూపుతున్నరు."

ఆ తర్వాత రెండేళ్లకు నేను శంషాబాద్ దాటాక బెంగళూరు రోడ్డు మీదున్న ఒక కార్ల షోరూంలో సర్వీస్ అడ్వైజర్‌ని. అంటే చేతిలో అట్ట, అట్ట మీద కాగితం, కాగితం మీద సంతకం చేసే చోట ఒక గుర్తు. కారుకూ మెకానిక్‌కూ మధ్య నిలబడి ఇద్దరి బాధలూ రాసుకునే ఉద్యోగం. రెండేళ్లలో మొగులయ్య బండి పదకొండుసార్లు వచ్చింది. బండి ఒక్కసారి కూడా ఒంటరిగా రాలేదు.

ఆయనది గొర్ల కాపరుల ఇల్లు. మేత భూములన్నీ ప్లాట్లయి, గడ్డి మొలిచే చోట హద్దురాళ్లు పాలపళ్లలా మొలిచాక, మంద అమ్మేసి ఒక తెల్ల డీజిల్ కారు కొన్నాడు. ఎయిర్‌పోర్టు టాక్సీగా పెట్టాడు. నడపడానికి శంషాబాద్ కుర్రాడు ఫరీద్‌ని కుదుర్చుకున్నాడు. తను నేర్చుకోలేదు. ఇక్కడ స్టీరింగు తిప్పితే అక్కడ చక్రం తిరుగుతుందన్న మాటమీద ఆయనకు పూర్తి నమ్మకం కుదరలేదు.

మేతలో పక్క మందతో కలిసిపోకుండా గొర్ల వీపుల మీద జాజు పూయడం ఆయన ఇంటి అలవాటు. మంద పోయింది గానీ జాజు డబ్బా పోలేదు. బండి సర్వీసుకు ఇచ్చే ముందు మా గేటు దగ్గరే ఆపించి, ఆ ఎర్రమట్టిని నీళ్లలో కలిపి, నాలుగు టైర్లకూ, స్టెప్నీకీ, బ్యాటరీకీ, వైపర్లకూ, లోపలి రబ్బరు మ్యాట్లకూ వేలితో చుక్కలు పెట్టేవాడు. సాయంత్రం చుక్క చుక్కా చూసుకునేదాకా బండి కదలదు.

"బాపు, మేం టైర్లు మారుస్తమా?" అన్నాను మొదటిసారి, కాస్త నొచ్చుకుని.

"నువ్వు మార్చవ్ బిడ్డా. నువ్వు మంచోనివి. నీ పక్కనున్నోని గురించి జెప్తున్న."

నా పక్కనున్నవాడికి కూడా సరిగ్గా ఇదే మాట చెప్పాడని తర్వాత తెలిసింది.

ఒకసారి వాటర్ సర్వీసులో చుక్కలన్నీ కడుక్కుపోయాయి. ఇది నా బండి కాదని రెండు గంటలు కూర్చున్నాడు. నంబరు ప్లేటు చూపిస్తే "రేకు మార్చుడు ఎంతసేపు?" అన్నాడు. చివరికి లింగమ్మను ఆటోలో రప్పించాం. ఆమె వెనక సీటు కింద చెయ్యి పెట్టి, ఎప్పుడో పోయిన తన దువ్వెన బయటికి తీసింది. అందరం ఊపిరి పీల్చుకున్నాం. మొగులయ్య దువ్వెనను వెలుతురుకు పెట్టి, పళ్లు అటూ ఇటూ చూసి, భార్య వైపు తిరిగాడు.

"నీదేనా?"

2012 వేసవిలో ఆ బండికి జబ్బు చేసింది. చదునుగా ఉన్న రోడ్డు మీద గాలిలా పోయేది. ఎత్తు వస్తే చాలు ఆయాసం. ఎయిర్‌పోర్టు ర్యాంపు మీద సగంలో ఆగిపోతే, ఒక ప్రయాణికుడు రెండు సూట్‌కేసులు దొర్లించుకుంటూ నడిచే పోయాడట. వారంటీ ముగియడానికి ఇంకా ఇరవై రోజులుంది.

నేను అట్ట తీసి విషయం చెప్పాను. "బాపు, ముందు కంప్యూటర్ పెట్టి చెకింగ్ చెయ్యాలె. దానికి వెయ్యిన్నూటయాభై. కంపెనీ తప్పని తేలితే వారంటీల ఉచితంగ చేస్తం, చెకింగ్ పైసలు కూడ ఉండయ్. మన తప్పని తేలితే చెకింగ్ పైసలూ మనయే, రిపేరూ మనదే."

"చూసినందుకు పైసలా?"

"అవును బాపు."

"మా దిక్కు పిల్లను చూడనీకి పోతె ఎదురు చాయ్ బోస్తరు."

"దవాఖానల చూసినందుకు తీసుకుంటరు గద?"

"అందుకే పోను." కొంచెం ఆలోచించాడు. "తప్పెవరిదని తేల్చేదెవరు?"

"మేమే."

"మీ తప్పని మీరే తేలుస్తరా?"

ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ నాకు ఆ ప్రశ్న తట్టలేదు. సంతకం చేసే చోట గుర్తు పెట్టి ఇచ్చాను. ఆయన గుర్తు లేని చోట చేశాడు.

బండి లోపలికి వెళ్లాక ఫరీద్ నన్ను నీళ్ల కూలర్ వెనక్కి లాగాడు. సన్నగా, ఎప్పుడూ ఇస్త్రీ చొక్కాలో ఉండే మనిషి. ఆ రోజు చొక్కా కూడా పరేషాన్‌గా ఉంది.

"అన్నా, జర నా మీదికి రాకుండ జూడు. ముందున్న ఓనరు గిట్లనే షోరూమోళ్లు డ్రైవర్ తప్పంటె ఆ మాటకే తీసేసిండు. ఆర్నెల్లు ఖాళీగ తిరిగిన. ఇంట్ల నా భార్య అర్షియాకు ఏడో నెల. ఇప్పుడు నౌకరీ పోతె..."

"తప్పు లేకుంటే భయమెందుకు?"

"ఓనరు మొగులయ్య బాపు అన్నా!" అన్నాడు ఫరీద్. "తప్పు లేకున్నా ఉందనుకునే మనిషి. ఎవరన్న ఉందంటె ఇగ అయిపాయె."

నిజమే. నాకూ భయమేసింది.

మొగులయ్య కస్టమర్ల గదిలో సోఫా అంచున, లేచి పారిపోవడానికి వీలుగా కూర్చున్నాడు. ఉచితంగా ఇచ్చిన టీ ముట్టలేదు. "ఊకెనే ఇస్తున్నరంటె ఏదో కలిపిర్రు." ఏసీ గాలికి కళ్లు మూతలు పడుతుంటే ఉలిక్కిపడి నిలబడ్డాడు. "చల్లగ జేసి పండబెడ్తున్నరు. మనం పండినంక పని మొదలువెడ్తరు." గోడ మీది టీవీ వానలు పడతాయని చెబుతోంది. కిటికీలోంచి ఆకాశాన్ని చూసి టీవీకి వీపు పెట్టాడు.

మధ్యాహ్నం దాటాక మా మేనేజర్ నా బల్ల మీద రిపోర్టు పడేసి వెళ్లాడు. 'డీజిల్ ఫిల్టర్ విప్పి పరిశీలించడమైనది. కల్తీ డీజిల్ ఆనవాళ్లు కనిపించినవి. వారంటీ వర్తించదు.' ఆ రోజు షెడ్డులో నలభై మూడు బండ్లున్నాయి. ఎవరు విప్పారు, ఎప్పుడు విప్పారు అని నేను అడగలేదు. కాగితం నా అట్ట మీదికి ఎక్కగానే నిజమైపోతుందని, అప్పట్లో, నేను నమ్మేవాణ్ణి. మా ఇద్దరిలో నమ్మే మనిషిని నేనే.

మేనేజర్ మొగులయ్య పక్కన కూర్చుని, బిడ్డ పరీక్ష తప్పిన సంగతి తండ్రికి చెప్పే గొంతుతో మొదలుపెట్టాడు.

"చూడండి పెద్దాయనా, తప్పు బండిది కాదండీ. మీ డ్రైవర్‌ది. రోడ్డు పక్కన చౌకగా దొరికే కల్తీ డీజిల్ పోయించి, తేడా జేబులో వేసుకుంటున్నాడు. ఈ టాక్సీ డ్రైవర్లందరిదీ ఇదే వరస. ముందు అతణ్ణి మార్చండి. బండి దానంతటదే బాగుంటుంది."

ఫరీద్ గుమ్మంలోనే నిలబడి అంతా విన్నాడు. ఎవరినీ నమ్మని మనిషి చేతిలో ఒక తయారైన అనుమానం పెట్టేశారు. ఎండుగడ్డి మీద అగ్గిపుల్ల పడ్డట్టే. నేను కళ్లు దించుకుని మంట కోసం ఎదురుచూశాను.

"ఏం జూసి జెప్తున్నవ్ సారూ?" అన్నాడు మొగులయ్య.

"ఫిల్టర్ విప్పి చూశామండీ."

"అది యాడుంటది?"

"బానెట్ కింద."

"బానెట్ లేపకుంట సూడొస్తదా?"

మేనేజర్ నవ్వాడు. "ఎలా కుదురుతుందండీ?"

"పా. సూద్దం."

షెడ్డులో చివరి వరసలో, రేకుల సందులోంచి పడ్డ ఎండ పట్టీ కింద బండి నిలబడి ఉంది. మొగులయ్య ముందుకు వంగి బానెట్ అంచు చూపించాడు. అక్కడ బానెట్ మీద మొదలై, సందు దాటి, కింది బంపర్ మీదికి దిగిన బెత్తెడు ఎర్ర గీత. పొద్దున గేటు దగ్గర చిక్కగా పూసి ఉంటాడు. మట్టి ఆరిపోయి, సందు మీద చిన్న వంతెనలా గట్టిపడింది. ఎక్కడా పగుల్లేదు.

బయట ఒక విమానం దిగుతున్న చప్పుడు రేకుల మీద దొర్లి పోయింది.

"గొర్రె నోరు తెర్వలే సారూ," అన్నాడు మొగులయ్య నెమ్మదిగా. "పండ్లెట్ల లెక్కవెట్టిర్రు?"

మేనేజర్ కంప్యూటర్ గురించి ఏదో అన్నాడు. తర్వాత రష్ గురించి అన్నాడు. సాధారణంగా టాక్సీలన్నిటికీ ఇదే ఉంటుందని అన్నాడు. ఒక్కో మాటకూ గొంతు ఒక్కో మెట్టు దిగింది.

"చూసినందుకు పైసలంటిరి. సరే అంటి. చూడనందుకు గూడ పైసలుంటయా?"

అప్పుడు నేను నోరు విప్పాను. రోజంతా చేయవలసిన పని అది. మా పాత మెకానిక్ శివయ్యను పిలిచి, అందరి ముందు బానెట్ ఎత్తమన్నాను. ఎర్ర గీత చిన్న చప్పుడుతో విరిగింది. శివయ్య ముందు ఫిల్టర్ విప్పి, డీజిల్‌ను గాజు సీసాలోకి వంపాడు. తేనెలా, తేటగా ఉంది. మొగులయ్య వాసన చూశాడు.

"ఇది డీజిలేనా?"

"డీజిలే బాపు."

"నువ్వంటున్నవ్."

పావుగంటలో శివయ్య చెయ్యి అసలు చోటుకు చేరింది. ఇంజన్‌కు గాలి తీసుకెళ్లే లావుపాటి రబ్బరు గొట్టం, బిగింపు దగ్గర లోపలివైపు చీలి ఉంది. ఎత్తెక్కేటప్పుడు ఆ చీలిక నోరు తెరుస్తోంది. "తయారీలనే తేడా," అన్నాడు శివయ్య. "డ్రైవర్‌కు దీనికి సంబంధం లేదు."

కొత్త గొట్టం వారంటీలో వేశారు. చెకింగ్ ఫీజు కొట్టేశాం. కొట్టేసిన కాగితాన్ని మొగులయ్య మూడుసార్లు చదివించుకుని, కొట్టేసిన గీత పక్కన మళ్లీ సంతకం పెట్టమన్నాడు. పెట్టాను. ఎన్నడూ ఏ సంతకమూ అంత ఇష్టంగా పెట్టలేదు.

బండి కడుగుతుంటే పక్కన చేరి అడిగాను. "బాపు, మేనేజర్ గట్ల చెప్తుంటే మీకు ఫరీద్ మీద అనుమానం రాలేదా?"

"రాకేంది? పొద్దుగాల లేస్తె వాని మీద అనుమానమే. గానీ అది నాది, ఇంట్ల పండింది. పరాయోడు తెచ్చి నా నెత్తిన పెడితే ఎట్ల దీస్కుంట బిడ్డా? యాడ పండిందో, ఏం గలిపిర్రో."

రెండేళ్లుగా ఆయనకు ఎవరెవరో ఎన్నో చాడీలు మోశారు. ఫరీద్ దొంగ ట్రిప్పులు కొడుతున్నాడని తోటి డ్రైవర్లు, శివయ్య పాత సామాను వేస్తాడని మరొకరు, రాజశేఖర్ కమీషన్లు తింటాడని నా గురించి కూడా ఎవరో. అన్నిటికీ ఆయన ఒకే జవాబిచ్చాడు: "నేను నమ్మ." మేం దాన్ని చెప్పుకుని నవ్వుకున్నాం. పొగడ్తను నమ్మని చెవిలోకి చాడీ కూడా దిగదని మాకు తట్టలేదు.

ఫరీద్ వచ్చాడు. కళ్లు తడిగా ఉన్నాయి. తాళం చెవి చేతిలో నలుపుతూ, మొగులయ్య ముందు తలవంచి నిలబడ్డాడు. అంత నమ్మకం మోయడం అతనికి బరువైనట్టుంది.

"బాపు, ఒక మాట జెప్పాలె. పోయిన నెల కొత్తూరు కాడ టంకీ ఖాళీ అయింది. బంకు దూరముండె. రోడ్డు మీద క్యాను డీజిల్ ఐదు లీటర్లు పోయించిన. ఒక్కసారే. మాఫ్ చెయ్."

మొగులయ్య అతణ్ణి కాలి చెప్పుల నుంచి క్రాపు దాకా చూశాడు.

"అబద్ధం."

"నిజం బాపు!"

"నువ్వు జెప్తె నేను నమ్మాల్నా? సాక్ష్యమున్నదా?"

ఫరీద్ నోరు తెరిచి నా వైపు తిరిగాడు. "అన్నా, జర నువ్వన్న జెప్పు!"

"ఆయన మాట మొదలే నమ్మ," అన్నాడు మొగులయ్య, వెనక తలుపు తీసి ఎక్కుతూ. "ఇగ నడువు. ఇంటికాడ అర్షియా ఎదురుజూస్తుండొచ్చు."

బండి కదిలింది. కిటికీ అద్దాలు దించి ఉన్నాయి. గేటు దాటి హైవే మలుపు తిరిగేదాకా వాళ్ల గొంతులు వినిపిస్తూనే ఉన్నాయి.

"అల్లా కసమ్ బాపు, పోయించిన!"

"పోయించలే."

"ఐదు లీటర్లు బాపు!"

"ముందట జూసి నడుపు."