సెలవు గారి ఎడమ పక్క

ఆయన చివరిగా చేసిన పని వంటింటి కుళాయికి వాషరు మార్చడం. పాతది కిటికీ అంచున పెట్టి, కుళాయి విప్పి, కట్టేసి, చుక్క పడుతుందేమోనని కాసేపు చూశాడు. పడలేదు. చేతులు తుడుచుకుని పడక్కుర్చీలో నడుం వాల్చాడు. అంతే. పక్క గదిలో భార్య కర్టెన్లు కుడుతోంది. మిషను ఆపి టీ పెట్టాలా అని అడిగేసరికి మనిషి లేడు.

ఆయన సబ్బుల ఫ్యాక్టరీలో సబ్బు కోసే విభాగంలో పనిచేశాడు. ఫ్యాక్టరీ హాకీ జట్టులో గోలు ముందు అడ్డుకునే ఎడమ పక్క ఫుల్‌బ్యాక్‌గా చాలాకాలం ఆడాడు. జట్టులో ఆయన పేరు సెలవు. బంతి ఆయన పక్కకి వచ్చేది కాదు. మిగతావాళ్ళు రొప్పుతూ పరిగెడుతుంటే ఆయన కర్ర మీద చెయ్యి ఆనించి బస్సు కోసం ఎదురుచూస్తున్నట్టు నిలబడేవాడు. సిమెంటు బెంచీ మీద కూర్చుని చూసే భార్యకి తల కొట్టేసినట్టుండేది.

కోచ్‌కి ఒకే కొలబద్ద. ఆట అయ్యాక నిక్కరుకి మట్టి అంటాలి. అంటకపోతే ఆడనట్టే. ఈయన నిక్కరు నీళ్ళలో జాడిస్తే చాలు, తెల్లగా వచ్చేది. సబ్బుల ఫ్యాక్టరీ వాళ్ళింట్లో సబ్బు మిగిలిపోయేది.

ఒక ఏడాది ఆయన్ని పక్కన కూర్చోబెట్టి బలమైన కుర్రాణ్ణి దింపారు. కుర్రాడు నెత్తి నుంచి పాదాల దాకా మట్టి పూసుకుని వీరోచితంగా ఆడాడు. గోల్సన్నీ అతని పక్క నుంచే పడ్డాయి. కోచ్ అతని భుజం తట్టి మెచ్చుకుని, మర్నాటి నుంచి మళ్ళీ సెలవునే దింపాడు. ఎందుకని ఎవరూ అడగలేదు.

ఆయన పోయాక కొన్నాళ్ళకి క్లబ్బు గదికి సున్నం వేయిస్తూ, అప్పటి ఆటగాళ్ళలో మేటి పదకొండు మంది పేర్లు గోడ మీద రాయించాలనుకున్నారు. ఎవరెవరివి రాయాలో తేల్చేది ముసలి కోచే. కోచ్ ఎడమ ఫుల్‌బ్యాక్ దగ్గర వేరే పేరు చెప్పాడు. ఆ సంగతి తెలిసి సెలవు భార్య కుట్టుపని పక్కన పడేసి కోచ్ దగ్గరకి వెళ్ళింది.

"మొదటి నాలుగేళ్ళు మామూలుగా ఆడాడమ్మా. తర్వాత బానే ఆడాడు. గోడ మీదకి ఎక్కాలంటే మొత్తం చూడాలి కదా" అన్నాడు కోచ్.

"అప్పుడూ బాగానే ఆడుంటారు మేష్టారూ. మీరు గుర్తించలేదు. బంతి ఆయన వైపు రాకపోతే అది ఆయన తప్పా?"

"మొదట్లో వచ్చేదమ్మా. వచ్చిందల్లా లోపలికి వెళ్ళిపోయేది కూడా."

"మీ కంటికి ఆనలేదేమో."

"గోల్‌కీపర్ కంటికి ఆనేది తల్లీ. వాడి ఏడుపు నేను విన్నాను." కోచ్ చేతికర్ర నేలకి తాటించాడు. "మొదట్నుంచీ గట్టివాడేనని ఎదుటి జట్టువాడు ఒక్కడు చెప్పనీ. రేపే రాయిస్తా. రంగు డబ్బా నేనే మోస్తా."

ఆ మాట చెప్పగలిగిన మనిషి ఎవరో ఆవిడకి తెలుసు. బస్సు డిపో జట్టులో కుడి పక్క నుంచి దూసుకొచ్చేవాడు. తారాజువ్వ అనేవాళ్ళు. ఇప్పుడు తారాజువ్వకి పొట్ట వచ్చింది, కళ్ళజోళ్ళ కొట్టు పెట్టుకున్నాడు.

"వదినగారా! రండి, కూర్చోండి" అని స్టూలు తుడిచాడు. సంగతి విని చేతిలో అద్దం రెండుసార్లు తుడిచాడు.

"నిజం చెప్పనా, అబద్ధం చెప్పనా?"

"అబద్ధమే చెప్పు. ఆయన పేరు రాయించాలి."

"అయితే మొదట్నుంచీ సింహమేనని చెబుతా. కానీ మొదట్లో అన్నయ్యని దాటడం నాకు మంచినీళ్ళు తాగినంత తేలిక వదినా. మీ పెళ్ళయ్యాకే కష్టమైంది."

"ఏం? పెళ్ళయ్యాక ఏమొచ్చింది?"

"మాట్లాడటం మొదలుపెట్టాడు."

"ఎవరు?"

"అన్నయ్యే."

ఇతను ఇంకెవరి గురించో చెబుతున్నాడనుకుంది. కూరలో ఉప్పెక్కువైతే ఇంకో గ్లాసు నీళ్ళు తాగేవాడే తప్ప, ఆ మనిషి నోరు విప్పింది లేదు. గోడకి చెప్పుకుంటే పెచ్చయినా రాలుస్తుంది, ఈయన అదీ లేదని ఆవిడ చెల్లెలి దగ్గర ఎన్నోసార్లు వాపోయింది.

"బంతి తీసుకుని వస్తుంటే పక్కనే పరిగెడుతూ, 'మొన్న మా ఇంట్లో ఏమైందో తెలుసా' అనేవాడు. ఏమైందని నేను అటు తిరిగేలోపు బంతి పక్కగీత దాటిపోయేది. నన్ను తాకింది లేదు, కింద పడింది లేదు. మా కోచ్ తిట్టేవాడు, 'బంతి కోసం వెళ్తావా, కబుర్ల కోసం వెళ్తావా' అని. చివరికి అటు ఆడటమే మానేశాం. నాకే దిగులుగా ఉండేది."

"ఏం కబుర్లు?"

"మీరు చెప్పినవే. కర్టెన్ల షాపావిడ కొలతలు తప్పిచ్చి మిమ్మల్నే అనడం, మీ తోడికోడలి అలకలు... మీ గొంతు పెట్టి మరీ చెప్పేవాడు."

ఆవిడ కౌంటరు మీది కళ్ళజోడు ఒకటి తీసి, కాళ్ళు మడిచి, మళ్ళీ అక్కడే పెట్టింది.

"కోచ్ దగ్గరకి రావద్దులే. మేష్టారు చెప్పిందే నిజం. మొదట్లో మామూలుగానే ఆడారు."

"మీ ఇష్టం వదినా." ఆవిడ లేస్తుంటే అతను గొంతు సవరించుకున్నాడు. "ఒక్కటి అడగనా? మీ మేనత్త ట్రంకుపెట్టె తాళంచెవి పోయిందని ఇంటిల్లిపాదీ పిండిడబ్బాలు కూడా బోర్లించారట కదా. చివరికి ఎక్కడ దొరికింది? సరిగ్గా అక్కడికి వచ్చేసరికి విజిల్ వేసేశారు."

"ఆవిడ జడలోనే" అంది.

అతను కౌంటరు మీద చరిచి, కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వాడు.

ఆ కథ ఆవిడ ఆయనకి ఒక్కసారే చెప్పింది. చెబుతున్నంతసేపూ ఆయన గురక పెడుతూనే ఉన్నాడు.