రత్నమ్మ మార్చిన ఇంజన్లు

పామిడిలో జయరామయ్య పెయింట్ల అంగడి తెలియనోళ్లు తక్కువ. ఆయన భార్య రత్నమ్మ అల్లరి తెలియనోళ్లు ఆమె పుట్టిన గుమ్మఘట్టలో ఇంకా తక్కువ. చిన్నప్పటి నుంచీ ఆమెకు ఒకటే గుణం. రెండు వస్తువులు ఒకే మాదిరి కనిపిస్తే వాటిని తారుమారు చేయకుండా ఉండలేదు. పెండ్లి పందిరి బయట విడిచిన చెప్పుల్లో ఒకరి ఎడమకు ఇంకొకరి కుడిని జత చేసి పెట్టేది. ఒకసారి పక్కపక్కిండ్ల మేకల మెడల్లో గంటలు మార్చేస్తే, రెండిండ్లోళ్లూ ఒకరి మేకను ఒకరు తోలుకొని పోయి, పాలు పిండబోయి తన్నులు తిన్నారు.

పెండ్లయి పామిడికి వచ్చినాక అత్తమామలు, అంగడి, పిల్లోడు. ఆ గుణానికి తీరిక లేకపోయింది. మళ్లీ తీరిక దొరికేసరికి ఆమెకు అరవై దాటినాయి. అది కూడా ఇంగ్లండు రైళ్ల పుణ్యమా అని దొరికింది.

ఇంగ్లండు రైళ్లు పామిడికి ఎట్ల వచ్చినాయంటే, జయరామయ్య చిన్నప్పుడు సెలవులకు గుంతకల్లులో మేనమామ ఇంటికి పోయేవాడు. పోయినన్నాళ్లూ స్టేషను వంతెన మీదనే కాపురం. కింద ఆవిరి ఇంజన్లు బుసకొడుతూ పోతాంటే కండ్లనిండా బొగ్గునలుసులు పోసుకొని ఇంటికి వచ్చేవాడు. అంగడిని కొడుకు అనిల్ కుమార్‌కు అప్పజెప్పిన ఏడాది, బెంగళూరులో ఏదో పెండ్లికి పోయి, పాత సామాన్లంగడిలో జానెడు పొడవున్న నల్ల ఇంజను చూసినాడు. పట్టాల మీద పెట్టి కరెంటు ఇస్తే నడుస్తుంది. ఇంగ్లండులో ఒకప్పుడు తిరిగిన ఇంజనుకు అచ్చుగుద్దిన బొమ్మ. గుంతకల్లు ఇంజన్ల బొమ్మలు ఎంత వెతికినా దొరకలేదు. ఇంగ్లండువి దొరికినాయి. దొరికినవాటితోనే సంసారం చేసినాడు.

మిద్దె మీద చెనక్కాయల మూటలు పెట్టే గది ఖాళీ అయింది. గోడల చుట్టూ బల్లలు పరిచి, వాటి మీద ఏ పటంలోనూ లేని ఒక ఇంగ్లీషు పల్లెను కట్టినాడు. దానికి ఎల్డర్‌ఫర్డ్ అని పేరు పెట్టినాడు. కాలం 1957, ఎండాకాలం. అంటే వాళ్ల ఎండాకాలం, చినుకులు పడుతూనే ఉంటాయంట. రంపపుపొట్టుకు పచ్చరంగు వేసి గుట్టలనిండా గడ్డి చల్లినాడు. అంగడి మనిషికి పచ్చరంగు కొదవా? కిటికీ బయట చూస్తే గాలికి ఎర్రదుమ్ము లేస్తాంటుంది, లోపల మాత్రం కండ్లు చల్లబడేంత పచ్చ. బడిలో ఆయనతో చదువుకొని ఇప్పుడు గొర్రెలు మేపుకుంటున్న వీరప్ప ఒకరోజు వచ్చి, ఆ గడ్డిని తనివితీరా చూసి, దాని మీద దూదితో చేసిన గొర్రెలను చూసి, ఇంత గడ్డి పెట్టుకొని ఈ నాలుగు గొర్రెలేనా అని నొచ్చుకొని పోయినాడు.

ఆ ఆటలో బొమ్మల కంటే కట్టుబాట్లు ఎక్కువ. ఆవిరి కాలంలో ప్రతి ఇంజనుకూ ఒక ఊరి షెడ్డు ఉండేది, ఎద్దుకు కొట్టం ఉన్నట్లు. పొద్దున పాలబండిని ఏది లాగాల, బడిపిల్లల బండికి ఏది కట్టాల, మధ్యాహ్నం బొగ్గు గూడ్సుకు పక్క షెడ్డు నుంచి ఏది రావాల, అంతా ముందే తీర్మానమైపోయిన సంగతి. ఒక షెడ్డు ఇంజను ఇంకో షెడ్డు పని చేస్తే తప్పు. ఇట్లాంటి తప్పులు పట్టేదానికి ఇంగ్లండులో ముసిలోళ్లంతా కలిసి ఫేస్‌బుక్‌లో ఒక గుంపు పెట్టుకున్నారు. జయరామయ్య అందులో చేరి ఫోటోలు పెట్టేవాడు. గుంపుకు పెద్ద ఆర్థర్ పెండిల్ అనే ఆయన. ఒకప్పుడు పోస్టుమాను. వాళ్ల నాయన నిజం ఇంజన్లో బొగ్గు వేసినవాడు.

రత్నమ్మకు రైళ్ల మీద పగ లేదు. ఆమె తమ్ముడు గిరి వచ్చినప్పుడు పుట్టింది పగ. చాన్నాళ్లకు వచ్చిన తమ్ముడికి ఆకు వేసి మొగుణ్ణి పిలిస్తే, పాలబండి పోయినాక వస్తానని మిద్దె మీద నుంచి జవాబు వచ్చింది. బావ పాలవ్యాపారం ఎప్పుడు పెట్టినాడని గిరి అడిగినాడు. రత్నమ్మ ఏం చెప్పాలో తెలియక సాంబారు వడ్డించింది. గిరి తిని, చేయి కడుక్కొని, బావ మొహం చూడకుండానే బస్సెక్కినాడు.

ఆ మధ్యాహ్నం జయరామయ్య కునుకు తీస్తాంటే ఆమె మిద్దెక్కింది. అక్కడ రెండు నల్ల ఇంజన్లు ఉండినాయి. చూసేదానికి కవలలే. ముక్కు మీద నువ్వుగింజంత నంబరు ఒక్కటే తేడా. ఒకటి ఎల్డర్‌ఫర్డ్‌ది, ఇంకోటి పక్క షెడ్డుది. ఆమెకు గుమ్మఘట్ట మేకలు గుర్తొచ్చినాయి. దీన్ని ఆడ పెట్టి, దాన్ని ఈడ పెట్టి, దిగొచ్చి కాఫీ పెట్టింది.

మరుసటి రోజు జయరామయ్య ఎప్పటిమాదిరే పాలబండి ఫోటో తీసి గుంపులో పెట్టినాడు. కంటిలో పొర వచ్చిన మనిషికి ఆ నంబరు యాడ కనిపిస్తుంది? ఆర్థర్‌కు కనిపించింది. పక్క షెడ్డు ఇంజను మీ పాలబండికి ఎందుకు కట్టినారని మర్యాదగానే అడిగినాడు. జయరామయ్య ఫోటో పెద్దది చేసి నంబరు చూసి, తర్వాత తేరుకొని, మా ఇంజను బాయిలరు కడుగుతాండాము, అందుకని దీన్ని రెండు రోజులకు అడిగి తెచ్చుకున్నామని రాసినాడు. గుంపంతా మెచ్చుకుంది. ఆ కాలంలో అచ్చం అట్లే జరిగేదని ఒకాయన మూడు పేరాలు రాసినాడు.

ఈ ఇంగ్లీషంతా కోడలు చాందిని చదివి చెప్తాంటే రత్నమ్మ నవ్వలేక స్తంభం పట్టుకుంది, మార్చింది తనేనని కోడలికి ఒక్కదానికే చెప్పింది. అంగడికి వచ్చినోళ్లతో ఈ రంగు రెండేండ్లకే పెచ్చులూడుతుందని నిజం చెప్పి బేరం పోగొట్టుకునే మనిషి, లేని ఊర్లో లేని బాయిలరు కడిగినానని అబద్ధం చెప్పినాడు. ఇంత వయసులో మొగుడిలో కొత్త విద్య బయటపడినందుకు ఆమెకు భలే ముచ్చటేసింది. ఒకసారితో ఆపబుద్ధి కాలేదు.

ఆదివారం సాయంత్రాలు జయరామయ్య గుంపు కోసం లైవు పెట్టేవాడు. చాందిని ఫోను పట్టుకుంటుంది, ఆయన మీటల దగ్గర కూర్చొని బండ్లు వదులుతాడు. ముందే సిద్ధం చేసిన బండ్లు అట్టగుట్ట వెనకాల, ఎవరికీ కనిపించని చోట నిలబడి ఉంటాయి. సొరంగంలో నుంచి ఒక్కొక్కటే బయటికి వస్తాది. ఒక ఆదివారం ఆయన, ఇప్పుడు బడిపిల్లల బండి చూడండి అని మీట తిప్పినాడు. సొరంగంలో నుంచి అందానికని అద్దాలపెట్టెలో పెట్టుకున్న మహా పెద్ద పచ్చ ఇంజను, వెనకాల రెండు చిన్న డబ్బాలతో, ఊరేగింపు ఏనుగు మాదిరి దిగింది.

జయరామయ్య మీట మీద చేయి తీయకుండానే ముందుకు వంగి చూసినాడు. ఇది స్పెషల్, అప్పుడప్పుడు మాత్రం వచ్చే బండి అన్నాడు. చాందిని పెదవి కరుచుకొని ఫోనును రెండు చేతులా పట్టుకుంది. ఆర్థర్ వెంటనే అడిగినాడు, మీ ఊరి ఏటి వంతెన అంత బరువు మోయదు కదా అని. వంతెనను పోయిన నెలలోనే గట్టి చేసినామన్నాడు జయరామయ్య. అన్నాక తప్పుతుందా? ఆ వారమంతా ఐస్ పుల్లలు చీల్చి, బూడిదరంగు వేసి, వంతెనకు అడ్డదూలాలు అతికిస్తానే ఉన్నాడు. రత్నమ్మ కాఫీ తీసుకుపోయి, దీనికేమైందని అడిగింది. బలం చాల్లేదన్నాడు. అయ్యో పాపం అని దిగొచ్చింది.

అయితే ఆయన మనసులో వేరే భయం మొదలైంది. గుట్ట వెనక బండి సిద్ధం చేసింది తనే. పెద్ద ఇంజనును అద్దాలపెట్టెలో నుంచి తీసినట్లు గుర్తే లేదు. పాలబండి సంగతీ అంతే. చిన్నగా మాట తగ్గించినాడు. తాళాలు యాడ పెట్టినాడో రెండుసార్లు చూసుకోవడం మొదలుపెట్టినాడు. చివరికి కొడుకును పక్కకు పిలిచి, నాకు బుర్ర సరిగా లేనట్లుండాది, అనంతపురంలో చూపించు అన్నాడు.

చెప్పేద్దాం అత్తా, అని చాందిని బతిమాలింది. రత్నమ్మకూ చెప్పాలనే అనిపించింది. కానీ చెప్తే ఆట అయిపోతుంది. డాక్టరు ఎట్లాగూ బాగుండావని పంపిస్తాది, అప్పుడు ఆయన భయమూ పోతాది, నా సంగతీ దాగుతాదని లెక్క వేసుకుంది. ఆ లెక్కతోనే తనూ కారెక్కింది.

డాక్టరమ్మ నెమ్మదైన మనిషి. ముందు పేరు, ఊరు అడిగింది. తర్వాత ఇది ఏ సంవత్సరమని అడిగింది.

జయరామయ్య కొంచెం ఆలోచించినాడు. "మిద్దె మీదనా మేడం, కిందనా?"

డాక్టరమ్మ అనిల్ కుమార్ వైపు చూసింది. అతను నేల చూసినాడు.

"పొద్దున ఏం చేసినారు?"

"పాలబండి పంపిచ్చినా."

"ఏ ఊరికి?"

"ఎల్డర్‌ఫర్డ్‌కు."

"అది యాడ ఉండాది?"

"యాడా లేదు మేడం" అన్నాడు జయరామయ్య నిజాయితీగా.

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టి, భయపడాల్సిందేమీ లేదు, ఒకసారి తలకు స్కానింగు తీయిద్దామని మెల్లగా చెప్పింది. జయరామయ్య చేతులు ఒళ్లో పెట్టుకొని, ముందే తెలిసిన మాట విన్నవాడి మాదిరి తల ఊపినాడు. ఆ తల ఊపడం చూసినాక రత్నమ్మకు ఇంక నోరు ఆగలేదు.

"స్కానింగు వద్దు మేడం. ఆయన బుర్ర బంగారం మాదిరి ఉండాది. ఇంజన్లు మార్చింది నేను."

డాక్టరమ్మ ఏ ఇంజన్లని అడిగింది. రత్నమ్మ మొదటి నుంచి చెప్పుకొచ్చింది, పాలబండి, బాయిలరు, ఏనుగు మాదిరి వచ్చిన పచ్చ ఇంజను. వంతెన దగ్గరికి వచ్చేసరికి డాక్టరమ్మ నోటికి చేయి అడ్డం పెట్టుకొని, ఒక్క నిమిషం అని లోపలి గదిలోకి పోయింది. అక్కడ నుంచి నవ్వు వినిపించింది. జయరామయ్య మాత్రం నవ్వలేదు.

ఇంటికి వచ్చినాక ఆయన మిద్దె గదికి తాళం వేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు. పిలిచిన వెంటనే అన్నానికి వచ్చేవాడు, ఆకు చూస్తూ తిని లేచేవాడు. ఇన్నాళ్లూ రత్నమ్మ కోరుకున్నది అదే. ఇప్పుడు ముద్ద దిగేది కాదు. పైన కీచుమనే కూత లేక ఇల్లు పాడుబడిన సత్రం మాదిరి ఉండింది. ఆమె నోరు తెరిచి తప్పయిందని చెప్పే మనిషి కాదు. రోజూ ఆయనకిష్టమైన బొరుగుల ఉగ్గాని చేసి పెట్టింది. ఆయన అది కూడా ఆకు చూస్తూనే తిన్నాడు.

ఫోటోలు ఆగిపోయేసరికి ఆర్థర్ బాగోగులు అడిగినాడు. జయరామయ్య ఒక మధ్యాహ్నం మంచం మీద కూర్చొని జరిగిందంతా రాసేసినాడు. బాయిలరు లేదు, స్పెషల్ లేదు, నా భార్య అల్లరి, మీ అందరికీ అబద్ధం చెప్పినా, గుంపు నుంచి తీసేయండని ముగించినాడు. ఫోను బోర్లా పెట్టి పడుకున్నాడు.

లేచి చూసేసరికి జవాబులు గుట్టగా పడినాయి. ఎవరూ తిట్టలేదు. ఆర్థర్ అందరికంటే పెద్దది రాసినాడు. మా నాయన పనికి పోయినప్పుడు, ఆయనకు చెప్పిన ఇంజనే అక్కడ నిలబడి ఉన్న రోజులు తక్కువే, ఒకటి చెడిపోయేది, ఇంకోటి దారి తప్పేది, దొరికిన దాంతో బండి నడిపేవాళ్లు. మా ఇండ్లలో బొమ్మలు ఎప్పుడూ చెడిపోవు కాబట్టి మా ఆటలో ఆ గొడవే లేదు, నీ ఇంట్లో ఉంది, నువ్వు అదృష్టవంతుడివి అని రాసినాడు.

జయరామయ్య వంటింటి గడప దగ్గరికి వచ్చి నిలబడినాడు. రత్నమ్మ బియ్యంలో రాళ్లేరుతాంది.

"నిన్ను అడుగుతాండారు."

"ఎవరు?"

"అందరూ. ఆదివారం ఏ ఇంజను మారుస్తావని."

రత్నమ్మ చాట పక్కన పెట్టి, ఆయన మొహం చూసి, కోపం ఎంత మిగిలి ఉందో అంచనా వేసుకుంది. పెద్దగా లేదు. "ఊరికే మార్చను" అంది. "పిలిస్తే దిగి రావాల. చుట్టాలొస్తే బండి యాడుంటే ఆడ ఆపేయాల."

జయరామయ్య ఆ షరతులను వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు. గూడ్సు మాత్రం గుట్ట ఎక్కేటప్పుడు ఆపకూడదు, ఆపితే మళ్లీ కదలదన్నాడు. దానికి ఆమె ఒప్పుకుంది.

అప్పటి నుంచి మిద్దె గదిలో ఆమెకు ఒక ఉద్యోగం వచ్చింది. రైల్వేలో ఏ ఇంజను ఎటు పోవాలో ఫోన్లో చెప్పే ఆఫీసును కంట్రోలు అంటారు. జయరామయ్య ఒక చెక్క మీద కంట్రోలు అని రాసి, దాని కింద రత్నమ్మ పేరు రాసి, గోడకు కొట్టినాడు. ఆదివారం సాయంత్రం ఆమె వచ్చి స్టూలు మీద కూర్చొని ఒక కష్టం చెప్తుంది, ఆయన దాన్ని తీర్చుకోవాల. ఒకసారి పచ్చ ఇంజను డ్రైవరుకు గవదబిళ్లలన్నది. ఒకసారి బొగ్గుకు బదులు చెనక్కాయ పొట్టు వచ్చిందన్నది. ఇంకోసారి వీరప్పను పిలిపించి ఒక మేకపిల్లను నేరుగా పట్టాల మీదికి దించింది. మేకపిల్ల పచ్చరంగు పొట్టును వాసన చూసి వదిలేసి, అట్టతో చేసిన స్టేషను పైకప్పు తినేసింది. మొత్తానికి ఈ గడ్డి మీదికి ఒక సరైన జీవం వచ్చిందని వీరప్ప సంతోషించినాడు. ఇంగ్లండులో ముసిలోళ్లు ఆ వీడియోను మళ్లీ మళ్లీ చూసినారంట.

ఒక ఆదివారం ఆర్థర్ భార్య మార్గరెట్ రత్నమ్మతో మాట్లాడాలని అడిగింది. చాందిని మధ్యలో కూర్చొని ఇటు మాట అటు, అటు మాట ఇటు చెప్పింది. కొంచెం సేపటికి ఆడోళ్లిద్దరూ ఆమె చెప్పకముందే నవ్వడం మొదలుపెట్టినారు. మొగోళ్లిద్దరూ చెరో దేశంలో తలుపు బయట నిలబడినారు.

ఆ తర్వాతి వారం ఆర్థర్ తన ఇంటి రైళ్ల లైవు పెట్టినాడు. ఎక్స్‌ప్రెస్ వస్తుందని చెప్పి మీట తిప్పితే, సొరంగంలో నుంచి చెత్తబండి ఇంజను పది పెట్టెలు ఈడ్చుకుంటూ, రొప్పుతున్నట్లు వచ్చింది. ఆర్థర్ మీటను ఒకసారి, బండిని ఒకసారి చూసినాడు. జయరామయ్య కండ్లద్దాలు తుడుచుకొని, ముందుకు జరిగి కూర్చొని, మిస్టర్ పెండిల్, ఈ ఇంజను ఏ షెడ్డుది, ఈ పనికి ఎట్ల వచ్చిందో కొంచెం వివరిస్తారా అని ఒక్కో అక్షరమూ ఆనందంగా కొట్టినాడు.

జవాబు కోసం చూస్తా చూస్తా, ఆ మార్గరెట్‌కు నువ్వేం చెప్పినావని పెండ్లాన్ని అడిగినాడు.

"ఉగ్గాని ఎట్ల చేస్తారని అడిగింది. చెప్పినా" అంది రత్నమ్మ.