పాత పిక్కల్లో కొత్త పిక్క

పలాసలో మా బావకు, అంటే అక్క భర్తకు, జీడిపప్పు ఫ్యాక్టరీ ఉంది. పప్పును కెమెరాతో చూసి, రంగును బట్టి వేరుచేసే మిషన్ కంప్యూటర్ బాధ్యత నాది. అందులో వేసింది లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ స్టేబుల్ విడుదల, అంటే బాగా పరీక్షించి స్థిరపరిచినది. దాంట్లో ప్యాకేజీలు, అంటే ప్రోగ్రాములు, పాత వెర్షన్లలోనే ఉంటాయి. భద్రతకు సంబంధించిన మరమ్మతులు, పెద్ద తప్పుల దిద్దుబాట్లు మాత్రమే వస్తాయి. నెలకోసారి వెళ్లి, అప్‌డేట్ కొట్టి, అక్క ఇచ్చిన టీ తాగి వచ్చేవాణ్ణి.

ఒకరోజు బావ లేనప్పుడు మిషన్ తెర ముందు కూర్చుని పప్పు సరిచూసే పెద్దావిడ మెల్లగా అడిగింది.

"బాబూ, ఈ బొమ్మ కాత్త పెద్దగా అవదేటి? మచ్చలు ఆనట్లేదు. మీ బావకి సెప్పకు, పనిలోంచి తీసేత్తాడు."

బొమ్మ పెద్దది చేసే వీలు ఆ కెమెరా ప్రోగ్రాము కొత్త వెర్షన్లో ఉంది, స్టేబుల్లో లేదు. నాకు ఓపిక తక్కువ, గొప్ప ఎక్కువ. రాబోయే విడుదల నుంచి ఆ ఒక్క ప్యాకేజీనే లాగాను. పెళ్లికి ఒకరిని పిలిస్తే వీధంతా బయల్దేరినట్టు, అది నడవడానికి కావాల్సిన బోలెడు కొత్త లైబ్రరీలను వెంటబెట్టుకొచ్చింది. పాతవాటికి వాటితో పొసగక కెమెరా ఆగిపోయింది.

సాయంత్రం లారీకి సరుకెక్కాలి. బావ అందరినీ చేత్తో ఏరమన్నాడు. పెద్దావిడ ట్రేలో తెల్ల గుండుపప్పు మధ్య మచ్చపప్పు గుప్పెడు కనబడింది. బావ ట్రే వంక చూశాడు, ఆమె వంక చూశాడు. ఆమె తలెత్తలేదు. నాకు సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది.

ఆ ప్యాకేజీ వెనక్కి తీయబోతే రాలేదు. మొత్తం తుడిచి స్టేబుల్ మళ్లీ వేశాను. ఏమైందని పెద్దావిడ అడిగితే, పాతవాటిలో కొత్తది కలిపానని చెప్పాను.

"కొత్త జీడిపిక్కలు, పాత పిక్కలు కలిపి ఏపుతారేటి బాబూ? ఒకటి మాడిపోద్ది, ఒకటి పచ్చిగుండిపోద్ది," అంది.

ఆ ఫ్యాక్టరీలో నిన్నగాక మొన్న చేరినవాళ్లు కూడా చేయని తప్పు అది. లారీ వచ్చేలోగా మిషన్ మళ్లీ తిరిగింది. నేను బావ దగ్గరికెళ్లి అంతా ఒప్పుకుని, ఆమెను తీసేయొద్దని బతిమాలాను.

"తీసేత్తానని నీకెవుడు సెప్పాడ్రా? మిషన్లో బొమ్మ పెద్దది సేద్దామనుకున్నావు గానీ, కాశీబుగ్గ తీసుకెళ్లి ఆవిడకి కళ్లజోడు ఏయిద్దామని తోసలేదేటి నీకు?"

తోచలేదు. మర్నాడు పొద్దున్నే ఆమెను నా బండి మీద తీసుకెళ్లాను.