పసుపెక్కిన గుడ్డపీలిక

మొన్న దొరవారిసత్రం అవతల వేరుశనగ చేల పక్కగా ఆటోలో వస్తుంటే, పందుల్ని తరమడానికి ఎవరో రైతు పెట్టిన మైకులోంచి కుక్కల అరుపులూ మధ్యమధ్య తుపాకీ మోతలూ వినిపించాయి. అదంతా రికార్డు మోతే. నా ఈడువాళ్ళెవరైనా పక్కనుంటే ఇద్దరం నవ్వుకునేవాళ్ళం, ఎందుకంటే అరవైల తొలినాళ్ళలో పులికాటు ఒడ్డు పల్లెల్లో ఆ మోత కోసం మనుషులు వేళ్ళు పోగొట్టుకున్నారు.

అప్పట్లో మా అక్కను ఇచ్చిన ఊళ్ళోనే నాకు బడిపంతులు ఉద్యోగం. బావకు మందు దట్టించే తుపాకీ ఉండేది. గొట్టం మూతిలో మందు పోసి, గుడ్డపీలిక కుక్కి, సీసపు రవ్వలు వేసి, ఇనపకడ్డీతో దట్టించి, వెనక చిల్లు మీద దెబ్బకు నిప్పు పుట్టించే చిన్న టోపీ బిళ్ళ పెట్టి పేల్చాలి. పంట కాపలాకు దిగేముందు ఊరి తుపాకులన్నీ దట్టించి పోలేరమ్మ ముందు నిలబెట్టి, అమ్మకు పోసిన పసుపునీళ్ళే వాటి మూతుల్లోనూ పోసి, ఒక్కొక్కరే సరస్సు వైపు తిరిగి పేల్చడం అక్కడి ఆచారం. పేలకపోతే అమ్మ మెచ్చలేదని అర్థం. అప్పుడు ఆమె వాటాగా ఇంకో కొలత మందు పోసి మళ్ళీ పేల్చాలి.

ఒక ఏడు బావ అన్నగారు అలాగే రెండో కొలత పోశాడు. రెండు కొలతలూ ఒక్కసారే అంటుకుని గొట్టం పగిలి ఎడమచేతి వేళ్ళు పోయాయి. మైలతో తుపాకీ ముట్టుంటాడని ఊరు తీర్పు చెప్పేసింది. పాపం, ఆయనా అదే నమ్మి, శుభకార్యాలకు వెళ్ళడం మానుకున్నాడు.

మరుసటి ఏడు బావ వంతు వచ్చింది. టోపీ టప్పుమంది గానీ తుపాకీ పేలలేదు. అమ్మకు పూజ చేసే బావ మేనమామ మందుకొమ్ము అందించబోతుంటే, నెల్లూరు హేతువాద సభల్లో గొంతు చించుకుని వచ్చిన కుర్రతనం కదా, నేను అడ్డంపడి లాక్కున్నాను.

"నీ వాదాలు బళ్ళో చెప్పుకో అబ్బయ్యా, అమ్మ ముందర కాదు" అన్నాడాయన.

"బావ కళ్ళు పోతే నువ్విస్తావా పెదనాయనా?"

బావకు తల కొట్టేసినట్టయింది. "ఏమే, నీ తమ్ముడికి బుద్ధి చెప్పవా?" అని అక్క మీద అరిచాడు.

"గుడ్డి మొగుడికి అన్నం కలిపి పెట్టడం నా వల్ల కాదు. వాడు చెప్పేది ఇనరాదా?" అంది అక్క. ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

అమ్మ ఉందా లేదా అన్న వాదం నేను ఎత్తనే లేదు. లోపల నిప్పు రాజుకుంటూ ఉండొచ్చు, మూతి సరస్సు వైపే ఉంచి కాసేపు ఆగమన్నాను. తర్వాత దట్టించిందంతా పైకి తీసి చూడమన్నాను. మందు పొడిగా ఉంటే తప్పు నాదే, ఉద్యోగం వదిలి ఊరు దాటిపోతానన్నాను. ఆ ముసలి మేనమామ సరే తీసి చూడండిరా అన్నాడు. ఆగారు. బావ టోపీ బిళ్ళ తీసేసి, కడ్డీ కొసకు మెలిముల్లు తగిలించి గొట్టంలోకి దించి లాగాడు. రవ్వలు రాలాక గుడ్డపీలిక వచ్చింది, పచ్చగా. దాని వెనక మందు తడిసి ముద్దగా జారి విస్తరాకులో పడింది.

ఎక్కడో వెనక నిలబడ్డ బావ అన్నగారు ముందుకొచ్చి, ఆ పీలికను కుడిచేత్తో పిండాడు. వేళ్ళ సందుల్లోంచి పసుపునీళ్ళు కారాయి.

"అయితే నాలో మైల లేదు గదా మామా?"

"నీళ్ళు పోసింది నేనే గదరా నాయనా" అన్నాడు ముసలాయన, అందరూ వినేలా.

గొట్టం తుడిచి, ఆరబెట్టి, కొత్తగా దట్టించి పేలిస్తే సరస్సు మీది పిట్టలన్నీ ఒక్కసారిగా లేచాయి. అప్పటినుంచి ఆ ఊళ్ళో పసుపునీళ్ళు తుపాకీ కట్టె పిడి మీదే. పేలని తుపాకీలో రెండో కొలత ఎవరూ పోయలేదు, ఒక్కరి వేలూ పోలేదు. ఎన్నో వేదికల మీద గెలిచాను గానీ, గర్వంగా చెప్పుకోవాలంటే నాకు ఆ మధ్యాహ్నమే గుర్తొస్తుంది.

ఆ పూట నాకు భోజనం ముసలాయన ఇంట్లోనే. నాస్తికుడా అని తిడుతూనే కొసరి కొసరి వడ్డించాడు. ఈనాడు నా వ్యాసాలకు చప్పట్లు కొట్టేవాళ్ళు ఉన్నారు, శాపనార్థాలు పెట్టేవాళ్ళూ ఉన్నారు. తన దేవత ముందే తన మాట తప్పు కావచ్చని తెలిసీ, సరే తీసి చూడండిరా అని ఆగిన ఆ పెద్దమనిషి లాంటి ప్రత్యర్థి మాత్రం నాకు మళ్ళీ దొరకలేదు.