మానుస్ మేస్త్రీ కట్టిన చివరి పొగగూడు

ఐర్లండులోని డోనెగల్ కొండల్లో ఎవరింట్లో పొయ్యి పొగ కక్కినా ఫెలిమీ మేస్త్రీకే కబురు వెళ్ళేది. ఆయన వచ్చి గడపలో టోపీ తీసి, సిలువ గుర్తు వేసుకుని, పొయ్యి ముందు గొంతుక్కూర్చుని తల పైకెత్తి చూసేవాడు. లోపల కాకి గూడు కట్టిందో, రాయి ఊడి అడ్డం పడిందో, పొగగూడు ఇంటి కప్పుకన్నా పొట్టిగా ఉందో, ఏదైనా సాయంత్రానికల్లా తేల్చేసేవాడు. ఆ ఇంటివాళ్ళు పెట్టిన ఓట్స్ రొట్టె తిని, మజ్జిగ తాగి, దేవుడు చల్లగా చూస్తాడని చెప్పి వచ్చేసేవాడు. వచ్చి తన పొయ్యి ముందు కూర్చుని కళ్ళు తుడుచుకుంటూ దగ్గేవాడు.

ఆ చుట్టుపక్కల అన్నిటికన్నా ఎక్కువ పొగ కక్కే పొయ్యి ఆయన ఇంట్లోదే.

అది ఆయన తండ్రి మానుస్ మేస్త్రీ కట్టింది. పదకొండేళ్ళ కిందట ఫెలిమీ బంగాళదుంపలు తవ్వే పనికి స్కాట్లాండు వెళ్ళి ఉండగా, చలికాలంలో వాడి పెళ్ళి ఉంది కదా, కొత్తకోడలు పాత పొయ్యి దగ్గర వండుకోవడమేమిటని, పెద్దాయన పాతది పడగొట్టి కొత్తది లేపాడు. కొడుకు తిరిగొచ్చేసరికి పొయ్యి ఉంది, తండ్రి లేడు. సమాధి మీద అప్పటికే పచ్చిక మొలిచింది. చివరి చేతిపని కాబట్టి ఫెలిమీ దాని మీద తాపీ ఆనించలేదు. తల వంచి లోపలికి కూడా చూడలేదు. దేవుడి పీఠాన్ని తప్పు పట్టినట్టు ఉంటుందని ఆయనకి అనిపించేది.

సాయంత్రం కబుర్లకి వచ్చే ఇరుగుపొరుగువాళ్ళు మంచివాళ్ళు. ముసలి కోనల్ ఎర్రబడ్డ కళ్ళు నలుపుకుంటూ ఈ ఏడు గాలి మరీ కోసేస్తోందనేవాడు. పక్కింటి గ్రాన్యా పొద్దున ఉల్లిపాయలు తరిగాననేది. పదకొండేళ్ళలో పొగ అన్న మాట ఒక్కరి నోటా రాలేదు.

మాట దాచుకోనిది ఫెలిమీ భార్య నాబ్లా ఒక్కతే. మామగారిని ఆమె ఎన్నడూ చూడలేదు. అయినా, "పొద్దున్నే లేచి నా గొంతులో కూర్చుంటారు, పోయినాయనకి ఇంత పట్టుదలేంటో," అనేది.

ఆ శరదృతువులో ఆమె దగ్గులో రక్తం చార కనబడింది. డాక్టరు వచ్చి, ఆమె ఛాతీ మీద చెవి ఆనించి విని, ఫెలిమీని బయటికి పిలిచాడు. ఈ చలికాలం కూడా ఆ పొగలోనే గడిపితే వసంతం చూస్తుందని తాను మాట ఇవ్వలేనన్నాడు.

ఫెలిమీ చర్చికి వెళ్ళి కొవ్వొత్తి వెలిగించి వచ్చాడు. కానీ పనిముట్లు తీయలేదు. పడమటి గాలి తిరిగిన రోజుల్లో పొగగూడులోంచి ఒక చప్పుడు వచ్చేది. గరుకు గోడ మీద ఎవరో అరచెయ్యి రాస్తూ మెల్లగా పైకి వెళ్ళి, మళ్ళీ కిందికి వస్తున్నట్టు ఉండేది. నాబ్లా జపమాల అందుకునేది. ఫెలిమీ బిగుసుకుపోయేవాడు. తన పని ఎవరూ ముట్టుకోకుండా తండ్రి కాపలా తిరుగుతున్నాడని ఆయన నమ్మకం.

ఒక మధ్యాహ్నం ఆ చప్పుడు ఆగాక నాబ్లా జపమాల ఒళ్ళో పెట్టుకుని అంది: "ఏవయ్యా, పైకెళ్ళాక మీ నాన్నగారితో నేనే మాట్లాడుకుంటాను. కానీ నాకంత తొందర లేదు."

మర్నాడు పొద్దున గ్రాన్యా ఇనుప కుండ పట్టుకుని వచ్చింది. ఎవరు చెప్పారో ఏమో. ఇంటి నిప్పు ఆరిపోకూడదని పొయ్యిలోని కణికలు కుండలోకి ఎత్తుకుని, ఇంకో చేత్తో నాబ్లా మోచెయ్యి పట్టుకుని, నిప్పునీ నిన్నూ నాలుగు రోజులు మా ఇంట్లో చూసుకుంటాను పద, అని తీసుకుపోయింది.

ఫెలిమీ చల్లారిన పొయ్యిలో నిలబడి, కొవ్వొత్తితో తల పైకి దూర్చాడు. భుజాల దాకా వెళ్ళేసరికి గాలి ఒక్కసారి కిందికి దిగి దీపం ఆర్పేసింది. చీకట్లో చేతులు చాపితే రెండు అరచేతులకీ రెండు గోడలూ తగిలాయి. మోచేతులు పూర్తిగా చాపనే లేదు. ఏ మేస్త్రీ ఇంత ఇరుకుగా కట్టడు. పొగకి గొంతు నొక్కినట్టుంది.

అప్పుడు వేళ్ళకి ఏదో తెలిసింది. సున్నం, పేడ కలిపి పూసిన పూతలో చేతి గుర్తులు ఉన్నాయి. ఒకటీ రెండూ కాదు. ఒకదాని మీద ఒకటి, ఒకదాని పక్కన ఒకటి, కుడివైపూ ఎడమవైపూ, పైకి అందినంత మేరా ఉన్నాయి. ఎడమవైపు గుర్తుల్లో ఉంగరపు వేలు సగమే ఉంది. తండ్రికి ఆ వేలు సుత్తి దెబ్బకి పోయినప్పుడు ఫెలిమీ చిన్నపిల్లాడు. తన అరచేతులు తండ్రి అరచేతుల గుంటల్లోకి వాటంతట అవే ఒదిగాయి. పూత పూసే మనిషి గోడని ఇన్నిసార్లు ముట్టుకోడు. దారి తెలియని మనిషి ముట్టుకుంటాడు.

మసి కూడా కడుక్కోకుండా కోనల్ ఇంటికి వెళ్ళాడు. ఆనాడు మానుస్‌కి రాళ్ళు అందించింది కోనలే. ఆయన దుంపలు ఒలుచుకుంటున్నాడు.

"కోనల్ మావా, నాన్నకి ఎప్పట్నుంచి కనబడలేదు?"

ముసలాయన చాకు పక్కన పెట్టాడు.

"నువ్వు ఓడెక్కిన నెలకే. నేనందించిన రాయి తడిమి తడిమి పెట్టేవాడు. మరీ ఇరుకవుతోందయ్యా అన్నాను. రెండు గోడలూ చేతికందకపోతే నేనెక్కడున్నానో నాకే తెలీట్లేదురా అన్నాడు."

"నాకెందుకు చెప్పలేదు?"

"పని వదిలేసి పరిగెత్తుకొస్తావని సిలువ మీద ఒట్టేయించుకున్నాడు. తప్పు కట్టానేమోనన్న బెంగ ఆయనకీ ఉండేదిరా. పోన్లే, మావాడొస్తాడు, వాడికి కళ్ళున్నాయి, ఒక్కసారి పైకి చూస్తే చాలు, సరిచేసుకుంటాడు అనేవాడు."

ఫెలిమీ తన మసి చేతులు తిప్పి చూసుకున్నాడు.

"నువ్వు చూసే ఉంటావనుకున్నాం," అన్నాడు కోనల్. "చూసి, పెద్దాయన మీద గౌరవంతో వదిలేశావనుకున్నాం. ఇక మేమెలా నోరు విప్పుతాం? మేమూ పొగ మింగాం."

ఫెలిమీ ఇంటికి వచ్చి పొయ్యిలో మళ్ళీ నిలబడ్డాడు. ఊళ్ళో అందరి పొయ్యిల్లోకీ తల పెట్టి చూసినవాడు, చూస్తాడని తండ్రి నమ్ముకున్న ఒక్క పొయ్యిలోకే చూడలేదు. ఆ చప్పుడు కాపలా చప్పుడు కాదని ఇప్పుడు తెలిసింది. పదకొండేళ్ళుగా ఆ చేతులు గోడ తడుముకుంటూ కొడుకు కోసం ఎదురు చూస్తున్నాయి. సుత్తి ఎత్తాడు గానీ దెబ్బ పడలేదు. పరలోక ప్రార్థన మొదటినుంచి చివరిదాకా చెప్పుకున్నాడు. తర్వాత గోడతో, "నాన్నా, కాస్త జరుగు," అన్నాడు.

మూడు రోజులు పట్టింది. కోనల్ మళ్ళీ రాళ్ళందించాడు. పొగదారి ఇంకో జానెడు వెడల్పయింది. దారిన పోయేవాళ్ళు ఆగి అడిగితే ఫెలిమీ దాచలేదు. మా నాన్న చూపు లేకుండా కట్టాడు, నేను చూపు ఉండీ చూడలేదు, అని అందరికీ అదే చెప్పాడు.

నాబ్లా గ్రాన్యా ఇంటినుంచి ఆ నిప్పు తెచ్చి రాజేసి, బురదనేలలో తవ్వి ఎండబెట్టిన టర్ఫ్ గడ్డలు పేర్చింది. పొగ ఒక్క తీరుగా పైకి లేచింది. ఆ సాయంత్రం కోనల్ ఆమెను ఎగాదిగా చూసి, "ఇదా అమ్మాయ్ నీ మొహం? ఇన్నాళ్ళూ మబ్బులోనే చూశాను," అన్నాడు. ఆమె నవ్వింది. నవ్వు మధ్యలో దగ్గు రాలేదు. ఆ చలికాలం ఆమె గట్టెక్కింది.

తర్వాత పడమటి గాలి ఎన్నిసార్లు తిరిగినా పొగగూడులో ఆ చప్పుడు వినబడలేదు. పొయ్యి పక్కన కూర్చుని ఫెలిమీ దానికోసం చెవి ఒగ్గేవాడు. గాలి గాలిలాగే పోయేది. రోజూ పొద్దున తనే మంట పక్కగా వంగి, తల పైకెత్తి, పైన కంచమంత ఆకాశం కనబడేదాకా చూసేవాడు.

"ఇంకా ఏం చూస్తావయ్యా, పొగ బాగానే పోతోందిగా?" అనేది నాబ్లా.

పోతోంది, అనేవాడు. తల మాత్రం వెంటనే దించేవాడు కాదు.