హారతి దగ్గర ఆగని ఇంజను

పెళ్లికొడుకు తలపాగా తీసి మేనమామ చేతికిచ్చాడు. మెడలో దండను వీపుమీదకు తిప్పుకున్నాడు. తరువాత వీధి మధ్యలో ఆగిపోయిన తన ఊరేగింపు కారును తానే తోశాడు. కోవిల్‌పట్టిలో అదేమీ పెద్ద వీధి కాదు కాబట్టి త్వరగానే అత్తవారింటికి చేరాడు. హారతి పళ్లెం పట్టుకుని నిలబడ్డ అత్తగారికి చూపు కాస్త తక్కువ. కారులో కనబడ్డ ఒకే ఒక్క మనిషికి మూడుసార్లు తిప్పి, నుదుట బొట్టు పెట్టింది. స్టీరింగు ముందు కూర్చున్న లక్ష్మణసామి కాదనలేదు.

అతను దేనికీ క్షమించమని అడిగే మనిషి కాడు. స్పిన్నింగు మిల్లు మూతపడ్డాక ఒక పాత పెట్రోలు అంబాసిడర్ కొన్నాడు. వెనక తలుపుల్లో రెండు పెద్ద స్పీకర్లు, డిక్కీలో గుమ్మిలాంటి బేస్ పెట్టె ఒకటి, సీటు కింద ఆంప్లిఫయరు పెట్టించాడు. కారు కదిలితే పాట కదిలేది. చుట్టాల పెళ్లి ఊరేగింపులన్నీ అతనివే అయ్యాయి. అది సహించలేనివాడు ఒక్కడే, భార్యకు అన్న అయిన గోపాలసామి. అతనికి మైక్‌సెట్టు, దానికి కరెంటిచ్చే జనరేటరు బండి ఉన్నాయి. పాటలు కారులోంచే వస్తుంటే జనరేటరు బండి ఎవరికి కావాలి?

"ఏం బావా, పెండ్లికొడుకును నువ్వు తీసకపోతాండావా, నిన్ను పెండ్లికొడుకు తోసకపోతాండాడా?" అన్నాడు గోపాలసామి, పెళ్లికొడుకు కారు తోసిన మర్నాడు, టీకొట్టు నిండా జనం ఉండగా.

లక్ష్మణసామి కొత్త బ్యాటరీ వేయించాడు. తరువాతి పెళ్లిలో కూడా కారు సగం వీధిలోనే చచ్చింది. ఈసారి పెళ్లికొడుకు తోయనని మొండికేసి నడిచిపోయాడు.

1999లో లక్ష్మణసామి అక్క తాయమ్మాళ్ కొడుకు కరుప్పసామికి విరుదునగర్ సంబంధం కుదిరింది. ఆమె తమ్ముడిని కూర్చోబెట్టి మాట్లాడలేదు, నిలబెట్టే చెప్పింది.

"ఇదే కడసారి. నా కొడుకు పెండ్లిలో బండి నిలిచిందంటే ఆ పెట్టెలు పీకి గోపాలసామికి ఇచ్చేయాల. మన చుట్టాల్లో ఇంక యా పెండ్లికీ నువ్వు పాట పెట్టకూడదు. ఒప్పుకో."

గోపాలసామి పక్కనే ఉన్నాడు. లక్ష్మణసామి ఒప్పుకున్నాడు.

విరుదునగర్‌లో మిరపకాయల గోదాముల వెనక అంతోణి ఆటో ఎలక్ట్రిక్ షెడ్డు ఉంది. అక్కడికొచ్చిన వాళ్లు ముందు తుమ్ముతారు, తరువాతే మాట్లాడతారు. కారు తెచ్చిన లక్ష్మణసామిని అంతోణి బానెట్ ఎత్తకుండానే అడిగాడు.

"ఇంజను యాడ యాడ ఆపుతావు అన్నా?"

"ఆరత్తి ఎత్తే ప్రతి ఇంటి ముందర. ఆపకుంటే ఆడోళ్లు శాపం పెడతారు."

"పాట?"

"పాటెందుకు ఆపాల?"

అంతోణి బానెట్ ఎత్తాడు. "బ్యాటరీ చావలేదన్నా, నువ్వు చంపినావు. నడిచేవాళ్ల వెంట మెల్లగా పోతాంటేనే, బ్యాటరీకి కరెంటు నింపే ఈ ఆల్టర్నేటరుకు ఊపిరాడదు. ఇంజను ఆపేసినాక ఇంకేం ఇస్తాది?"

ఏసీ వ్యానులోంచి తీసిన పెద్ద ఆల్టర్నేటరు ఒకటి అతని దగ్గర ఉంది. దాన్ని కూర్చోబెట్టే చోటు లేక ఇనుప పట్టీ కోసి వెల్డింగు చేశాడు. మెల్లగా పోతున్నా అది గట్టిగా తిరిగేలా చిన్న పుల్లీ వేశాడు. పాత తీగ వేడెక్కి కంపుకొడుతోందని వేలంత లావు కేబులు లాగాడు. చివరికి చెయ్యి తుడుచుకుంటూ అన్నాడు: "ఇది ఆవు కాదన్నా, నిలబెట్టి పిండేదానికి. తిరిగితేనే ఇస్తాది. ఆరత్తి కాడ ఆపినావో, ఇంక నా దగ్గరికి రావద్దు."

ఊరేగింపు రోజు గోపాలసామి పిలవకుండానే జనరేటరు బండి తెచ్చి కారు వెనకే కట్టేసినట్టు నడిపించాడు. జనరేటరును లాగి స్టార్టు చేసే తాడు చేతికి చుట్టుకుని, కారు ఎప్పుడు చస్తుందా అని దాని వెనక లైట్లనే చూస్తూ నడిచాడు. వెనకటి పెళ్లిళ్లలో డోలు దెబ్బ పడ్డప్పుడల్లా ఆ లైట్లు మిణుకుమనేవి.

మొదటి ఇంటి దగ్గర కారు నిలిచింది. ఇంజను నిలవలేదు.

"ఏయ్, ఆపు బండి. ఆరత్తి కనబడతా లేదా?" ఒక ముసలమ్మ బానెట్ మీద చరిచింది.

లక్ష్మణసామి యాక్సిలరేటరు ఇంకొంచెం నొక్కాడు.

"ఆపు మామా, అందరూ మొగం చూస్తాండారు" అన్నాడు వెనక నుంచి కరుప్పసామి.

"నువ్వు పెండ్లికొడుకువి. గమ్మునుండు."

ఇంటింటికీ తిట్లు పెరిగాయి. గౌరవం తెలియనివాడన్నారు, పొగబెట్టి చంపుతున్నాడన్నారు, ఒకామె పళ్లెంలోని ఎర్రనీళ్లు కావాలనే అద్దం మీద పోసింది. అతను వైపరు వేసుకున్నాడు. లైట్లు మాత్రం ఒక్కసారి కూడా మిణుకుమనలేదు. పెళ్లికూతురి ఇల్లు కనబడేసరికి గోపాలసామి తాడు వదిలేసి, జనరేటరు బండి తోసేవాళ్లను ఊరికే తిట్టడం మొదలుపెట్టాడు.

పెళ్లికూతురి తల్లి గోవిందమ్మాళ్ కర్పూరం వెలిగించి, పళ్లేన్ని కారు వెనక కిటికీ దగ్గరకు ఎత్తింది. సరిగ్గా అప్పుడే పాటలో డోలు మొదలైంది. కొత్త ఆల్టర్నేటరు బలమంతా తలుపులోని స్పీకరులోంచి ఒక్క తోపుగా వచ్చింది. కర్పూరం ఆరిపోయింది.

ఆడవాళ్లు ఒక్కసారిగా వెనక్కి తగ్గారు. గోపాలసామి ముఖం చాలాసేపటి తరువాత వెలిగింది. తాయమ్మాళ్ జనాన్ని నెట్టుకుంటూ డ్రైవరు కిటికీ దగ్గరకు వచ్చి తమ్ముడి చొక్కా పట్టుకుంది.

"పాపిష్టోడా, వియ్యపురాలి ముందర నా పరువు తీసినావే. నా కొడుకుకెత్తిన ఆరత్తి ఆరిపోయిందిరా."

లక్ష్మణసామి యాక్సిలరేటరు మీద నుంచి కాలు తీయకుండా అన్నాడు: "ఆరిపోయిన కర్పూరానికి ఒక్క అగ్గిపుల్ల చాలక్కా, ఆగిపోయిన బండికి చాలదు."