ఆదివారం ఏరిన పిడుదులు

ప్రాణమున్న ప్రతి దేహంలోనూ అంతర్యామిగా నిలిచిన శ్రీమన్నారాయణునికి ముందుగా నమస్కారం. నా అజ్ఞానం వల్ల జరిగిన నష్టాన్ని అంతటితో ఆపినవాడు ఆయనే.

1949 వేసవిలో నన్ను కూకట్‌పల్లి వైపు పశువుల దవాఖానకు సలోత్రిగా వేశారు. సలోత్రి అంటే డాక్టరు కాదు. పశువైద్య ఇన్‌స్పెక్టరు రాసిన మందు కలపడం, ఊళ్లు తిరిగి పశువులను చూడడం, సాయంత్రం రిజిస్టరు నింపడం నా పని. నా కింద ఉన్న ఊళ్లలో నానక్‌రామ్‌గూడ ఒకటి. అక్కడ గొర్ల కాపరి మల్లయ్యకు మూడు కుక్కలుండేవి. చుట్టూ గుట్టల్లో తోడేళ్లు తిరిగేవి. కుక్కలు లేని మంద అక్కడ వారం కూడా నిలవదు.

నేను మొదటిసారి వెళ్లిననాడే ఒక కుక్క చావుబతుకుల్లో ఉంది. ఒళ్లు కాలిపోతోంది, చిగుళ్లు పాలిపోయాయి, మూత్రం డికాక్షన్ రంగులో ఉంది. చెవి కొసన తీసిన రక్తపు చుక్కను గాజు పలక మీద పరచి పట్నం పంపాను. రక్తం తాగే పిడుదుల వల్ల వచ్చే జ్వరమని జవాబు వచ్చేలోపే అది చచ్చిపోయింది. మిగిలిన రెండింటిలో భైరి అనే ఆడకుక్క చూలుతో ఉంది. కుక్కలు ఒళ్లు నాక్కుంటాయి కనుక వాటికి పురుగుమందు పొడి చల్లవద్దని ఇన్‌స్పెక్టరు గట్టిగా చెప్పారు. ఇక చేతులతో ఏరడమే మార్గం.

రోజూ చెవుల్లో, వేళ్ల సందుల్లో వెతకాలని, పిడుదును చిమటాతో, అంటే చిన్న పట్టకారుతో, చర్మం దగ్గర పట్టి నేరుగా లాగాలని, కిరసనాయిలు డబ్బాలో వేయాలని చూపించాను.

"ఫికర్ జెయ్యకు సార్, మా అమ్మ ఏరుతది. ఆమె చేతికి పేనే దొరుకుతది, గిదెంత?" అన్నాడు మల్లయ్య.

తల్లి రాజమ్మ నిజంగానే ఏరింది. నేను వెళ్లిన ప్రతిసారీ డబ్బా నల్లగా నిండి ఉండేది. అయినా మళ్లీ వెళ్లేసరికి కుక్కల మీద కొత్త పిడుదులు. ఎక్కడి నుంచి వస్తున్నాయో నాకు అంతుపట్టలేదు.

ఒక ఆదివారం మా భజన సమాజంలో ఉండగా కబురు వచ్చింది. రెండో కుక్క పోయింది, భైరికి జ్వరం. ఆ రోజు సెలవు; భజన మానుకొని నేను ఏ ఆదివారమూ ఊళ్లకు వెళ్లినవాణ్ణి కాదు. తాళాలు పక్కనపెట్టి సైకిలెక్కాను.

రాజమ్మ భైరి పక్కన కూర్చొని పిడుదులు ఏరుతోంది. ఏరినవాటిని బతికుండగానే రాతిగోడ సందులో పెడుతోంది.

"అవ్వా, గదేంది? డబ్బా ఏది?"

"ఇయ్యాల మా దేవుడు మల్లన్న వారం సలోత్రీ. మల్లన్న కుక్క మీది జీవిని ఇయ్యాల సంపుతమా? రేపటి సంది మల్ల డబ్బాల్నే ఏస్త."

రక్తం తాగి ఉబ్బిన ఒక్క ఆడపిడుదు గోడ సందులో వేలకొద్దీ గుడ్లు పెడుతుంది. ఆరు రోజుల శ్రమ ఏడో రోజున గోడలోకి పోతోంది. కోపంతో గొంతు పెంచాను.

"లొల్లి జెయ్యకు. ద్వాదశి నాడు తులసాకు గిల్లవంట గద నువ్వు!" అంది.

మూతున్న సీసా ఒకటి తెమ్మన్నాను. "ఇయ్యాల గీ సీసల పెట్టు అవ్వా. సంపకు. రేపటి సంగతి రేపు."

"మస్తు తెలివి నీది," అని నవ్వి, సీసా తెచ్చింది.

సోమవారం గోడ సందులను కాగడాతో కాల్చి సున్నంతో పూడ్చాం. ఇన్‌స్పెక్టరు వచ్చి భైరి నరంలోకి ఆ జ్వరానికి వాడే నీలిరంగు మందు ఎక్కించారు. కుక్క చిగుళ్లు నీలమయ్యాయి. రాజమ్మ భయపడి, దాని నుదుట మల్లన్న బండారి పసుపు పెట్టి, "మా దేవుడు పసుప్పచ్చ, నీ దేవుడు నీలం. ఇద్దరు గల్సి జూసుకోన్రి ఇగ," అంది.

నాలుగు రోజులు భైరి లేవలేదు. మల్లయ్య దివిటీ పట్టుకొని తానే మందకు కాపలా కాశాడు. ఐదో రోజు అది అంబలి తాగింది. నెల తిరక్కముందే నాలుగు పిల్లలు పెట్టింది. వాటి చెవుల్లో ఒక్క పిడుదు కూడా దొరకలేదు.

రెండో కుక్క చావు నా లెక్కలోదే. ఎలా ఏరాలో నేర్పాను గాని, ఏడు రోజులూ అక్కడ ఏం జరుగుతుందో అడగలేదు. వాళ్ల నిష్ఠ ఉన్న రోజునే నా నిష్ఠా ఉండడంతో చూడనూ లేదు. ఆ తర్వాత ఏ ఊళ్లో మందు ఇచ్చినా, ఇంట్లో ఏ వారం ఏ పని చేయరో ముందుగా అడిగేవాణ్ణి.

ఇది చదువుతున్న మీరు కూడా ఒక్క క్షణం నాతో కలిసి చేతులు జోడించండి. నోరులేని జీవులను మా చేతుల్లో పెట్టిన స్వామీ, చెప్పే ముందు అడిగే బుద్ధి మాకివ్వు.